పన్నెండు పేర్ల నెత్తురు

మైక్రోస్కోపు కింద మనిషి నెత్తురు ఎర్రగా ఉండదు. రంగుల్లో ముంచి, కడిగి, ఆరబెట్టిన పూత లేత గులాబీ వన్నె తిరిగి, అక్కడక్కడ ఊదా మచ్చలతో, పొద్దు వాలిన తరువాతి ఆకాశపు ముక్కలా కనిపిస్తుంది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నేను ఆ ఆకాశంలోనే తిరిగాను. ఒక్కో పూతలో వంద క్షేత్రాలు చూడాలని నియమం. క్షేత్రమంటే కటకం ఒకసారికి చూపించే గుండ్రటి మేర. మర తిప్పుతూ ఒక క్షేత్రం నుంచి పక్క క్షేత్రంలోకి జరుగుతుంటే, కదులుతున్నది గాజు స్లైడు కాదనీ, నేనే పడవలో వెల్లకిలా పడుకుని పోతున్నాననీ అనిపించేది.

రాయ్‌పూర్‌లో మా ప్రయోగశాల ఒక పాత భవనం మేడ మీద ఉండేది. కరెంటు మీద నమ్మకం లేక మైక్రోస్కోపుకు అద్దమే అమర్చుకునేవాళ్లం. ఉత్తరపు కిటికీలోంచి వచ్చే వెలుగును ఆ అద్దం పట్టి పైకి పంపేది. అందువల్ల బయటి రుతువులన్నీ నా పనిలోకి వచ్చేవి. మబ్బు పడితే గులాబీ రంగు బూడిద రంగయ్యేది. మబ్బు విడిపోయేదాకా కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. అప్పుడు కటకం కింద వేసే దేవదారు నూనె వాసన, స్పిరిటు వాసన, గాలి అటునుంచి వీస్తే గుఢియారీ బియ్యం మిల్లుల వేడి తౌడు వాసన ఒకదాని వెనుక ఒకటి వచ్చి పలకరించేవి. సాయంత్రం మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తే, సైకిళ్ల మీద పోయే మనుషులు కూడా కాసేపు గుండ్రగా, తేలుతున్నట్టుగా కనిపించేవారు.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. ఇక పోయినట్టేనని అందరూ అనుకున్న మలేరియా మళ్లీ తిరిగివచ్చిన కాలం. దాన్ని పట్టుకునే పద్ధతి కాగితం మీద ఎంతో అందంగా ఉండేది. ఒక్కో కార్యకర్తకు కొన్ని గ్రామాలు. పదిహేను రోజులకొకసారి అతను ప్రతి ఇంటి గుమ్మం ముందూ నిలబడి, ఈ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి. వచ్చిందంటే వేలు గుచ్చి, స్లైడు మీద నెత్తురు పూసి, పేరూ నంబరూ రాసుకుని, అప్పటికి నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి, వచ్చిన తేదీని గేరుతో, అంటే ఎర్రమట్టితో, గోడ మీద రాసి వెళ్లాలి. స్లైడ్లు మా దగ్గరికి వస్తాయి. పరాన్నజీవి కనబడితే చీటీ కింది అంతస్తులోని మందుల కిటికీకి వెళ్తుంది. అక్కడ పేరుకొక పొట్లం చొప్పున పూర్తి చికిత్స మాత్రలు కట్టి ఇస్తారు. కార్యకర్త వాటిని తీసుకువెళ్లి, ఎదురుగా నిలబడి మింగించాలి.

ఇందులో ఒకే ఒక లోపం ఉండేది. జ్వరాలు తగ్గినప్పుడు స్లైడ్లు తగ్గాలి కదా. కానీ స్లైడ్లు తగ్గితే పని తగ్గిందని పైవాళ్లు అనుకునేవారు. నెలకు ఇన్ని రావాలని ఒక లెక్క గోడ మీది పటంలో గీతగా ఉండేది. ఎండాకాలంలో జ్వరాలు లేని ఊళ్ల నుంచి కూడా ఆ గీత దాకా స్లైడ్లు వచ్చేవి. ఎలా వచ్చేవో మా గదిలో అందరికీ తెలుసు. వాటికి మేము పెట్టుకున్న పేరు ‘ఇంటి స్లైడ్లు’. కార్యకర్త సాయంత్రం ఇంట్లో చాప వేసుకుని కూర్చుని, తన వేలు తానే గుచ్చుకుని, ఆ నెత్తురునే పది స్లైడ్ల మీద పూసి, జాబితాలోంచి పది పేర్లు రాసేవాడు. నేను వాటిని గుర్తుపట్టగలిగేదాన్ని. పక్కపక్కనే ఉన్న పూతల్లో ఒకే రకం తెల్లకణాలు, ఒకే నిష్పత్తిలో, ఒకే చేతివాటంతో కనబడితే ఇంకేమిటి? గుర్తుపట్టి, ‘లేదు’ అని రాసి, పక్కన పెట్టేదాన్ని. అందులో మలేరియా లేదు, కనుక నేను రాసినది అబద్ధం కాదు. ఆ వాదం నాకు చాలా ఏళ్లు సరిపోయింది.

ధర్సీవా వైపు గ్రామాలు చూసే కార్యకర్తల్లో ఒకతను తెలుగువాడు. అతని తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి మిల్లులో చేరాడట. ఇతను గుఢియారీలోనే పుట్టాడు, రైలు పట్టాల అవతలి సందులోనే కాపురం. శ్రీకాకుళం వాళ్లు అక్కను అప్ప అంటారు. అతను నన్ను ప్రయోగశాలలో మేడమ్ అనీ, మెట్ల దగ్గర అప్పా అనీ పిలిచేవాడు. సన్నటి మనిషి, పాత సైకిలు, ఎప్పుడూ నవ్వు. ఊళ్లలో అతన్ని ‘బుఖార్ వాలా’, జ్వరాలవాడు, అనేవారని అతనే చెప్పాడు.

“నాను ఊర్లోకి ఎల్తే సాలు, కుక్కలు కూడా పారిపోతన్నాయప్పా. ఏలు గుచ్చేత్తాడని.”

“నీ టార్గెట్‌కు అవి కూడా పనికొస్తాయని తెలిసిందేమో,” అన్నాను నేను.

అతను పెద్దగా నవ్వాడు. ఆ మాట వెనుక ఉన్నదేమిటో మా ఇద్దరికీ తెలుసు. ఆ నవ్వుతో అది అక్కడే అయిపోయింది. శ్రావణ మాసంలో ఒకసారి మెట్ల మీద ఆపి, సిగ్గుపడుతూ, తన భార్యకు అయిదో నెల అని చెప్పి చేతిలో రెండు పేడాలు పెట్టాడు.

వానలు వెనకబట్టాక ఒక శనివారం ఉదయం అతని కట్ట విప్పాను. ధర్సీవా దగ్గరి ఒకే గ్రామానివి పన్నెండు స్లైడ్లు. ఆ రోజు వెలుగు అద్భుతంగా ఉంది, కడిగిన ఆకాశం. మొదటి పూతలోకి దిగుతూనే ఆగిపోయాను. ఎర్రకణాల నడుమ సన్నటి ఉంగరాలు, ఒక్కోదానికి కెంపు రాయిలాంటి చుక్క. కొన్ని కణం అంచుకు అంటుకుని ఉన్నాయి, కొన్ని కణాల్లో రెండేసి ఉన్నాయి. ఫాల్సిపారం. మలేరియా రకాల్లో మనుషులను చంపేది అదే. రెండో పూతలో అవే. మూడోదానిలో అవే.

ఊరంతా పడిపోయిందనుకున్నాను. నాలుగో పూత దగ్గర మాత్రం నా చెయ్యి మర మీద నిలిచిపోయింది. ఉంగరాల సంగతి పక్కనబెట్టి కణాలనే చూశాను. అవి చిన్నగా, నడుమ పాలిపోయి, గాజు గాజుల్లా ఉన్నాయి. నెత్తురు బాగా తక్కువైన మనిషి. కొంకిపురుగు కడుపులో ఉన్నవారిలో పెరిగే నారింజ రంగు గింజల తెల్లకణాలు ప్రతి నాలుగైదు క్షేత్రాలకూ ఒకటి. వెనక్కి వెళ్లి మొదటి మూడూ మళ్లీ చూశాను. ముందుకు వెళ్లి పన్నెండూ చూశాను. ముసలివాళ్ల పేర్లు, పసివాళ్ల పేర్లు, ఆడ పేర్లు, మగ పేర్లు. పన్నెండింటిలోనూ అదే పాలిపోయిన నెత్తురు. ఆ పన్నెండుమందిలో ఎవరిదీ కానిది.

ఆ మధ్యాహ్నమంతా నాకు ఒక వింత స్థితి. ఒక మనిషి నా ఎదుట ఉన్నాడు, లేదా ఉన్నది. రోగం ఎంత ముదిరిందో నాకు తెలుసు, కడుపులో ఏమున్నదో తెలుసు, ఇంకొన్ని రోజులు ఇలాగే ఉంటే ఏమవుతుందో తెలుసు. ఎవరో మాత్రం తెలియదు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. అతన్ని నిలబెట్టి, ఇది ఎవరి నెత్తురు అని అడిగితే సరిపోయేది. అడగలేదు. అతనంతట అతనే దొరికిపోవాలనిపించింది. నా కంటి పదును అతనికి తెలియాలనిపించింది. పన్నెండు పేర్లతో చీటీ రాసి కిందికి పంపాను. పన్నెండు పొట్లాలు కట్టించాను. అతను మూడున్నరకు వచ్చాడు.

“మీ ఊళ్లో పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. ఫాల్సిపారం. పొట్లాలు కింద తీసుకో,” అన్నాను, అతని మొహం చూస్తూ.

“పన్నెండూనా మేడమ్?”

“ఒక్కటి కూడా తప్పలేదు.”

అతని నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. నోరు విప్పుతాడని ఎదురుచూశాను. “అచ్ఛా మేడమ్,” అని మెట్లు దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే, పొట్లాల సంచి మెడలో వేసుకుని ధర్సీవా రోడ్డు వైపు కాకుండా పట్టాల వైపు సైకిలు తొక్కుతున్నాడు.

నేను గెలిచానని అనుకున్న క్షణం ఎంతో సేపు నిలవలేదు. అతను ఇంటికి పోతున్నాడు. అంటే ఆ నెత్తురు అతని ఇంట్లోది. అతనిదే అయితే పాలిపోయి ఉండదు, రోజూ పది కోసుల దూరం సైకిలు తొక్కే మనిషి. శ్రావణంలో పేడాలు పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. శ్రావణానికి అయిదో నెల, ఇప్పుడు ఏడు నడుస్తూ ఉండాలి. ఆ పొట్లాల్లో క్లోరోక్విన్ ఒక్కటే కాదు, ప్రైమాక్విన్ కూడా ఉంది. గర్భిణికి ఇవ్వకూడని చిన్న మాత్ర. కొందరిలో అది ఎర్రకణాలను పగలగొడుతుంది. నెత్తురే లేని మనిషిలో, కడుపులో బిడ్డ ఉండగా, ఇంక పగలడానికి మిగిలింది ఎంత? పొట్లాలు కట్టించింది నేను. మింగించేవాళ్లకు ఆ నియమం నేర్పుతారు, ఇతనికి నేర్పారో లేదో నాకు తెలియదు.

నూనె తుడవకుండానే మైక్రోస్కోపు వదిలి లేచాను. చౌరాస్తాలో రిక్షా ఎక్కాను. ఆ ప్రయాణం నాకు కలలోలా గుర్తుంది. ఎంత తొందరగా పొమ్మన్నా రిక్షా నీళ్లలో నడుస్తున్నట్టు ఉంది. మిల్లుల దగ్గర గాలిలో తౌడు పొడి బంగారు రంగులో వేలాడుతూ ఉంది. ఎవరో ఆరబోసిన ధాన్యం చుట్టూ తిరగడానికి రిక్షా అతను దిగి నడిపించాడు. పట్టాల దగ్గర గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతూ ఉంది, పోతూనే ఉంది. నేను దిగి, ఆఖరి పెట్టె దాటగానే గేటు కింది నుంచి దూరి పరుగెత్తాను.

సందులో మూడో ఇంటి ముందు అతని సైకిలు ఉంది. గుమ్మంలో ఆమె చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. చూడగానే తెలిసింది. పెదవులు, గోళ్లు, కళ్ల లోపలి అంచులు, అన్నీ నేను పొద్దున్న పన్నెండుసార్లు చూసిన రంగే. అతను లోపల నుంచి గ్లాసుతో నీళ్లూ, అరచేతిలో మాత్రలూ పట్టుకుని వస్తున్నాడు.

“ఆగు! పెద్దవి ఉంచు. ఆ చిన్నవి కింద పడెయ్.”

అతను నిజంగానే కింద పడేశాడు, గ్లాసుతో సహా. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఏటయినాదప్పా? ఎవురికేటి?”

“నీకు మధ్యాహ్నం పూట చలి పుడుతోందా, అమ్మా?”

“పుడతాది. దుప్పటి కప్పుకుంటాను. సాయంకాలానికి సెమట పట్టి పోతాది. నెలల మనిసికి ఇది మామూలే అని ఊరుకున్నాను.”

“నాకు సెప్పనేదేటి?” అన్నాడు అతను.

“నువ్వడగనేదు. ఊరూరా తిరిగి ఇంటింటికీ బుఖార్ హై క్యా, బుఖార్ హై క్యా అని అడిగొచ్చినావు. ఈ గుమ్మం కాడ ఎప్పుడైనా అడిగినావా?”

అతను నేల మీద కూర్చుండిపోయాడు. తన వేళ్లు రెండు చేతులవీ నాకు చూపించాడు. గుచ్చి గుచ్చి కొసలు గట్టిపడి ఉన్నాయి. “నాది రాటం నేదప్పా. దానిదయితే నెత్తురు పలసన, బేగి కారతాది. ఒక్క పోటుకి పన్నెండు స్లైడ్లు. సులువని...”

నాకు కోపం రాలేదు. పలచన అనే ఆ లక్షణాన్నే అతను సౌకర్యంగా తీసుకున్నాడు. నేను అదే లక్షణాన్ని పొద్దున్న నా నైపుణ్యానికి రుజువుగా తీసుకున్నాను.

నా సంచిలో ఎప్పుడూ ఉండే స్పిరిటుతో ఆమె వేలు తుడిచి, సూదితో గుచ్చాను. నిజంగానే ఒత్తకుండానే కారింది. స్లైడు మీద పెన్సిలుతో ఆమె పేరు రాస్తుంటే ఆమె వంగి చూసింది. చదువు రాదు కానీ తన పేరు ఆకారం తెలుసట.

“ఇది నా పేరేనా?”

“నీ పేరే.”

“మరి నా రత్తం ఇన్నాళ్లూ ఎవురి పేరుతో ఎల్లింది?” అని భర్త వైపు తిరిగింది. “ఒక్క పేరు కూడా నాది పెట్టబుద్ధి కాలేదేటి నీకు?”

అదే సాయంత్రం ఆమెను ఆస్పత్రిలో చేర్చాము. గర్భిణి అని ముందే చెప్పాము కనుక ఇవ్వవలసినవే ఇచ్చారు. మూడో నాటికి చలి రాలేదు. నెత్తురు ఎక్కించడానికి అతను చెయ్యి చాపాడు, గ్రూపు కలిసింది. సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతున్న దాన్ని ఆమె చూస్తూ, “ఇప్పుడయినా నీ టార్గెట్ పూరా అయినాదా?” అంది. పక్క మంచం మీది ఛత్తీస్‌గఢీ ఆవిడ భాష తెలియకపోయినా నవ్వింది.

సోమవారం నాడు మా అధికారి గదిలోకి వెళ్లాను. ఆయన హిందీవాడు, మంచి వైద్యుడు, తక్కువ మాటల మనిషి. పన్నెండు స్లైడ్ల సంగతి చెప్పాను. అంతటితో ఆపవచ్చు. ఆపలేదు. ఇంతకు ముందు వచ్చిన ఇంటి స్లైడ్ల సంగతీ, వాటిని గుర్తుపట్టి ఊరుకున్న సంగతీ కూడా చెప్పాను. ఆయన గోడ మీది పటంలోని గీత వైపు తిరిగాడు.

“కబ్ సే?” అని అడిగాడు. ఎప్పటి నుంచి?

“గీత గీసినప్పటి నుంచి, సర్,” అన్నాను హిందీలోనే.

కార్యకర్తను గ్రామాల నుంచి తప్పించి దోమల మందు చల్లే బృందంలో వేశారు. నాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. న్యాయమే. గీత మాత్రం ఇంకొన్నేళ్లు గోడ మీద అలాగే ఉంది.

బృందంలోకి మారేముందు అతనూ నేనూ ఆ గ్రామానికి వెళ్లాము, పేర్లున్న పన్నెండుమంది వేళ్లూ గుచ్చడానికి. కోతకు వచ్చిన చేలు, గట్ల మీద కొంగలు, ఎక్కడా తొందర లేని ఒక పగలు. అతను ఒక్కో పేరు పిలుస్తుంటే ఆ పేరుగలవాళ్లు తలుపు తీసుకుని వెలుగులోకి వచ్చేవారు. కాగితం మీద మాత్రమే ఉన్నవాళ్లు ఒక్కొక్కరుగా ఒళ్లు దాల్చుతున్నట్టు ఉంది నాకు. ఒక ముసలామె నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని నిలదీసింది.

“నావ్ తో లిఖ్ లేథస్ బేటా, ఖూన్ కబ్ లేబే?”

పేరు అయితే రాసుకుంటావు, నెత్తురు ఎప్పుడు తీసుకుంటావు అని. అతను తల వంచుకుని ఆమె వేలు తుడిచాడు. ప్రయోగశాలకు వచ్చి చూస్తే ఆ పన్నెండింటిలో ఒకదానిలో మలేరియా ఉంది, మరో రకానిది. ఆ ముసలామెదే. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోందట.

మార్గశిరం చలిలో అతని భార్య ప్రసవించింది. నెలలు నిండాయి, బిడ్డ చాలా చిన్నది. తల్లి నుంచి బిడ్డకు పరాన్నజీవి చేరిందేమో చూడమని డాక్టరు అడిగితే మూడో రోజున నేనే ఆస్పత్రికి వెళ్లాను. చిక్కుడు గింజంత మడమ. గుచ్చేముందు అలవాటుగా స్లైడు అంచున పెన్సిలు ఆనించి ఆగాను.

“పేరేం పెట్టారు?”

“ఇంకా పెట్టనేదప్పా,” అంది ఆమె. “పెద్దోల్లు రావాల. నా పేరే రాసెయ్, ఏటైపోద్ది?”

“నేదు నేదు,” అన్నాడు అతను. మంచం అవతల నిలబడినవాడు ముందుకు వచ్చేశాడు. మందు చల్లి చల్లి చేతులు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. “అలగ రాయొద్దప్పా. నెత్తురు గుంటది. దాని పేరే పడాల.” గుంట అంటే వాళ్ల వైపు ఆడపిల్ల.

“పేరు లేని గుంటకి ఏటి రాస్తావు మరి?” అని ఆమె విసుక్కుంది.

ముగ్గురం కాసేపు ఆలోచించాము. చివరికి, ఫలానా ఆమె కూతురు, మూడో రోజు అని రాశాను. స్లైడు అంచు చిన్నది, అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. గుచ్చితే బిడ్డ ఏడ్చింది, వార్డంతా తిరిగి చూసింది.

వంద క్షేత్రాల నియమం ఉంది. నేను రెండు వందలు చూశాను. పసిబిడ్డల నెత్తురులో కణాలు పెద్దవి, నిండుగా ఉంటాయి. కిటికీలోంచి వచ్చే చలికాలపు వెలుగులో అవి ఒకదాన్నొకటి ఆనుకుని, గుంపుగా, నిదానంగా నా ముందు నుంచి పోయాయి. ఫలితం చీటీ మీద రాసి పంపితే చాలు. పంపలేదు. నడిచి వెళ్లాను.

“ఏటున్నాదప్పా దాని రత్తంలో?” ఆమె పడుకునే అడిగింది.

“ఏమీ లేదు.”

“పక్కాగానా?”

“రెండుసార్లు చూశాను.”

అతను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె బిడ్డను పొత్తిగుడ్డతో సహా తీసి నా వైపు చాపింది. “మరైతే ఓపాలి ఎత్తుకో.”

ఎత్తుకున్నాను. నా చేతులు చల్లగా ఉన్నాయి, వేళ్లకు దేవదారు నూనె అంటుకుని ఉంది. బిడ్డ మొహం చిట్లించి, నా మీద ఇంకోసారి ఏడ్చింది.